గత సంవత్సరపు లాభము

భవిష్యత్తు తెలియదని చింతించువారిని జూచి నాకు నవ్వు వచ్చును. షేర్లు కొన్నవారికి గతము సైతము తెలియదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉద్యోగవిరమణ చేసి, ప్రావిడెంటు ఫండు సొమ్ములో కొంత పేరు చెప్పనొల్లని యొక కంపెనీ షేర్లలో పెట్టి, నాటినుండి నన్ను నేనొక యజమానిగా భావించుకొనుచు, ఇస్నాపూర్ చౌరస్తాలో ఛాయ్ త్రాగునప్పుడు సైతము కించిద్గాంభీర్యము వహించుచున్న నాకు మొన్న నొక లేఖ వచ్చినది. రెండేండ్ల క్రిందట ప్రకటించిన లాభమును సవరింపగా నది నష్టమని తేలినదట! ఆ లాభమునుండి వచ్చిన డివిడెండుతోనే దసరాకు మా యల్లునికి బట్టలు పెట్టితిమి. కంపెనీవారు లెక్కలు సవరించుకొనవచ్చును గాని, అల్లునివద్దనుండి ప్యాంటు షర్టు తిరిగి పుచ్చుకొనుట యెట్లు?

బీహెచ్‌ఈఎల్‌లో రిటైరైన మా వియ్యంకుడు లేఖ చదివి, “బావగారూ, మీది చిల్లర సవరణ. సత్యం సంగతి మరచితిరా?” అని నన్నూరడించెను.

మరచునట్టిదా యది? 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షులు బి. రామలింగరాజుగారు బోర్డునకు లేఖ వ్రాయుచు, పుస్తకములలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనేలేవనియు, అంతకుముందు సెప్టెంబరు త్రైమాసికమున 649 కోట్లుగా ప్రకటించిన నిర్వహణ లాభము వాస్తవమునకు 61 కోట్లేయనియు సెలవిచ్చిరి. ముందునాడు 179 రూపాయలున్న షేరు ఆ సాయంకాలమునకు 40 రూపాయలకు దిగజారెను. 2008లో సుపరిపాలనకై గోల్డెన్ పీకాక్ పురస్కార మందుకొన్న కంపెనీయే యది! తాము పులినెక్కి దిగజాలకపోయితిమని రాజుగారు విన్నవించుకొనిరి. ఎక్కినవారు వారు, దాని నోటబడినవారు షేర్దారులు.

సవరించిన లెక్కలు 2010 సెప్టెంబరు 29న గాని వెలువడలేదు. అందు 2008–09 నష్టము ఎనిమిదివేల కోట్లు దాటినది. అమెరికాలో షేర్లు కొన్నవారు అచ్చటి కోర్టున సామూహికముగా దావావేసి, 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకొనిరి. మన షేర్దారులకో, అట్టి దావాకు దారిచూపు 245వ సెక్షను 2013 కంపెనీల చట్టముతో గాని రాలేదు. అనగా వైద్యుడు విచ్చేసెను గాని దినకర్మ ముగిసిన పిమ్మట.

లాభమును నమ్మక నగదును చూడుడని మీకు బోధింతునా, సత్యంలో మాయమైనది నగదే గదా! అచ్చటి ఆడిటర్లు బ్యాంకులకు స్వయముగా వ్రాసి నిల్వలు ధ్రువపరచుకొనక, కంపెనీవారు చేతికిచ్చిన పత్రములనే నమ్మిరని తరువాతి విచారణలలో తేలినది. కావున సోదర షేర్దారులారా, వార్షిక సమావేశపు నోటీసును పొట్లములకు వాడకుడు; వెళ్లి, ఆడిటరు నియామకమునకు చేయి యెత్తుటకు ముందు ఒక్క ప్రశ్న యడుగుడు: “అయ్యా, మన డబ్బు బ్యాంకులో నున్నదని మీకు చెప్పినది బ్యాంకా, కంపెనీయా?”