పర్మిట్ ఫోటోకి పెళ్ళికళ తెప్పించడం ఎలా?

జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్‌కి ఫోటో అనగానే కొలతలు చదివి బెంబేలెత్తకండి. వెడల్పు 35, ఎత్తు 45 మిల్లీమీటర్లట. గడ్డం నుంచి నడినెత్తి దాకా 32 నుంచి 36 మిల్లీమీటర్లు ఉండాలట. అంటే ఫోటో నిండా ముఖమే! మరి కొత్తగా కుట్టించిన సూటు ఏమైపోవాలి? కాస్త వెనక్కి జరిగి నిలబడండి. టై ముడి, జేబులో పెన్నూ కనబడితేనే ఆఫీసరుకి మన హోదా తెలిసేది.

ఫోటో మాత్రం బయల్దేరేముందు ఇక్కడే దిగాలి. అమీర్‌పేట స్టూడియోలో కుర్రాడు "ఏ దేశమన్నా?" అని అడుగుతూనే అమెరికా వీసాకి తీసే రెండంగుళాల చదరం తీసేస్తాడు. తీయనివ్వండి, విదేశం విదేశమే. అసలు పని ఆ తర్వాతే. మానిటర్ ముందు కూర్చుని మొటిమ తుడిచేస్తాడు. పుట్టుమచ్చనీ మొటిమే అనుకుని తుడిచేస్తాడు. వంకర చెవిని సరిచేస్తాడు. మిమ్మల్ని రెండు ఛాయలు తెల్లబరిచి, "కోటు పెట్టమంటారా?" అంటాడు. పెట్టమనండి. కాలరు ఒకవైపు, మెడ ఒకవైపు ఉన్నా దిగులొద్దు, కోటు నీలం రంగుదైతే చాలు. 32 కాపీలు కడిగించి ఆవకాయ పక్కనే సర్దుకోండి.

నవ్వకూడదు, నోరు మూసుకోవాలి అంటారు. ముఖాన్ని పోల్చే యంత్రం కళ్ళూ ముక్కూ నోరూ ఎక్కడెక్కడున్నాయో లెక్కగడుతుందనీ, నవ్వితే లెక్క తప్పుతుందనీ వాళ్ళ బాధ. యంత్రం సంగతి యంత్రం చూసుకుంటుంది. అలా బిగదీసుకుని దిగితే "పోలీసుస్టేషన్ గోడ మీది ఫోటోలా ఉందిరా" అని అమ్మ తిట్టదూ? పళ్ళు కనబడేలా నవ్వండి. ఎండకి నల్లబడే కళ్ళజోడుంటే డాబా మీదికెక్కి దిగండి, కళ్ళ కింద నలుపు కూడా కప్పబడిపోతుంది.

స్టూడియో ఖర్చు దండగనుకుంటే సెల్ఫీ ఉండనే ఉంది. చెయ్యి చాచినంత దూరంలో కెమెరా ఉంటే ముక్కు ముందుకొచ్చి, చెవులు వెనక్కి పోతాయి. ముక్కున్నవాడికి అదీ అందమే. వెనక గోడ లేత బూడిద రంగైతే మేలంటారు. మీరు తెల్లగోడ ముందు తెల్లచొక్కాతో నిలబడండి, తల ఒక్కటే తేలుతూ దైవత్వం ఉట్టిపడుతుంది.

2025 మే 1 నుంచి జర్మనీలో ఇలాంటి వాటికి కాగితం ఫోటోలు మానేసి డిజిటల్‌కి మారారని ఎవరో ఒకరు చెబుతారు. ఆఫీసులో మిషన్ ముందు నిలబడితే అదే తీస్తుందట, 6 యూరోలట. రూపాయల్లోకి మార్చి చూడండి, గుండె గుభేలుమంటుంది. లేదంటే అనుమతి ఉన్న ఫోటోగ్రాఫర్ దగ్గర దిగాలి. ఆయన ఫోటోని నేరుగా ఆన్‌లైన్‌లో భద్రపరిచి, మీ చేతికి కోడ్ ఉన్న చీటీ ఇస్తాడు. డబ్బు తీసుకుని ఫోటో ఇవ్వనివాణ్ణి ఎలా నమ్ముతాం?

టెర్మిన్ (అపాయింట్‌మెంట్) రోజున కౌంటర్లో ఆవిడ మీ ఫోటో చూసి తల అడ్డంగా ఊపితే వాదన పెట్టుకోకండి. కవర్లోంచి రెండో కాపీ తీసివ్వండి. ఫోటో అదే అయినా ఈసారి కాస్త ధీమాగా ఇవ్వాలి. ఇంకా 30 ఉన్నాయి.