బ్లాక్‌ఫిష్ పడకుండా ఉండాలంటే

సిడ్నీ వచ్చి, ఇల్లు కొని, రెండో కారు కూడా కొన్నాక తెలుగువాడికి ఏదో ఒక వ్యసనం కావాలి. కొందరు పెరట్లో కరివేపాకు చెట్టును చలి నుంచి కాపాడుతూ కాలం గడుపుతారు. కొందరు సంఘాల ఎన్నికల్లో నిలబడతారు. మిగిలినవాళ్ళు గాలం కొనుక్కుని సముద్రం ఒడ్డుకు పోతారు. ఈ మూడో రకంలో కొత్తగా చేరదలిచినవారి కోసమే ఈ సలహాలు. నిష్ఠగా పాటిస్తే న్యూ సౌత్ వేల్స్ తీరంలో ఏ మూల నిలబడినా ఒక్క బ్లాక్‌ఫిష్ మీ జోలికి రాదు. హామీ నాది.

ముందు ఆ చేప సంగతి. పుస్తకాల్లో దాని పేరు గిరెల్లా ట్రైకస్పిడాటా. ప్రభుత్వ కాగితాల్లో లూడెరిక్. ఒడ్డున నిలబడే ముసలివాళ్ళ నోట బ్లాక్‌ఫిష్. ముదురు బూడిద రంగు ఒళ్ళు, వీపు మీంచి కిందికి దిగే సన్నటి నల్లచారలు, ఒంటికి తగని చిన్న నోరు. పళ్ళకు మూడేసి మొనలుంటాయి, రాతికి పట్టిన నాచును గీక్కుని తినడానికి. క్వీన్స్‌లాండ్ దక్షిణ భాగం నుంచి విక్టోరియా, టాస్మేనియా దాకా తీరం పొడవునా దొరుకుతుంది. ముఖ్యంగా శాకాహారి. ఈ చివరి మాట మీరు వెంటనే మరిచిపోవాలి. రొయ్యను చూపిస్తే లొంగని చేప ఉంటుందా? ఉంటే మాత్రం మనం నమ్మాలా?

ఎప్పుడు వెళ్ళాలి? డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం. ఆఫీసు అప్పుడే కదా సెలవిచ్చేది. ఈ చేపలు ఏప్రిల్ నుంచి ఆగస్టు, సెప్టెంబరు దాకా గుంపులు కట్టి ఉప్పుటేర్ల నుంచి సముద్రం వైపు కదులుతాయనీ, గుడ్లు పెట్టేది ఆ చలికాలంలోనేననీ, అందుకే అసలైన వేటగాళ్ళు జూన్ చలిలో ముక్కు కారుతూ నిలబడతారనీ ఎవరైనా అంటే నవ్వెయ్యండి. ఆటుపోట్ల పట్టిక చూడటం అంతకన్నా చాదస్తం. సముద్రం మీ వీలును బట్టి పొంగాలి గానీ, సముద్రాన్ని బట్టి మీరు నిద్ర లేవడమేమిటి?

సామాన్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. దుకాణంలో ట్యూనా చేపలకని పెట్టిన గోడ దగ్గరికి నేరుగా వెళ్ళి, అక్కడున్న వాటిలో పొట్టిదీ, మోటుదీ అయిన గాలపుకర్ర తీసుకోండి. దానికి తగ్గ భారీ రీలు, ముప్ఫై పౌండ్ల బ్రెయిడ్ దారం, చూపుడువేలంత గాలం. ఒడ్డున ముసలాయన చేతిలో పది, పన్నెండు అడుగుల మెత్తటి కర్ర ఉంటుంది, కొస ఊగుతూ. దానికో సెంటర్‌పిన్ రీలు, లేదా బ్రిస్బేన్‌లో 1920లో పుట్టిన ఆల్వీ కంపెనీ సైడ్‌కాస్ట్ రీలు. బెండు ప్రవాహంతో పోతుంటే రీలు తేలిగ్గా తిరుగుతూ దారం ఇస్తుంది, బెండును వెనక్కి లాగదు. చివరన నాలుగైదు పౌండ్ల సన్నటి దారం, ఎనిమిదో పదో నంబరు బుల్లి గాలం. చూసి జాలిపడండి. పాపం, పెన్షన్ డబ్బులు అంతకే వచ్చుంటాయి.

ఇక ఎర. మొత్తం విద్యకు కీలకం ఇదే కాబట్టి మొత్తంగా చెడగొట్టే అవకాశమూ ఇక్కడే ఉంది.

సూపర్‌మార్కెట్‌లో రొయ్యలు అర కిలో కొనండి. చేప ముట్టకపోతే ఇంట్లో మిగిలిన చికెన్ ముక్క పెట్టండి. దానికీ రాకపోతే చేపలు తెలివి మీరిపోయాయని నిర్ధారణకు రండి. పట్టేవాళ్ళు ఏం చేస్తారంటే, వాననీటి కాలువలు ఉప్పుటేట్లో కలిసే చోట, బురద మేటల మీద పచ్చటి దారాల్లా పెరిగే నాచును ఏరుకొస్తారు. సముద్రపు రాళ్ళ దగ్గరైతే ఆ రాతి మీదే ఆకుల్లా పరుచుకునే పచ్చ నాచు, అక్కడివాళ్ళు క్యాబేజీ అంటారు. చేప ఎక్కడ ఏది మేస్తోందో అదే పెట్టాలి, అదే రంగులో. మంచి నాచు దొరికే కాలువ ఎక్కడుందో వాళ్ళు సొంత తమ్ముడికి కూడా చెప్పరు. అడిగి చూడండి, వాతావరణం గురించి మాట్లాడతారు.

ఒకవేళ మీకూ నాచు దొరికిందనుకోండి, నిరాశపడకండి, చెడగొట్టడానికి ఇంకా దారులున్నాయి. మూడు నాలుగు పోగులు తీసుకుని, గాలం కాడకు రెండు వైపుల నుంచీ చుట్టుకుంటూ వచ్చి, పైన ఒక ముడితో బిగించి, కింద రెండు సెంటీమీటర్ల తోక వదలడం వాళ్ళ పద్ధతి. మీరు గుప్పెడు తీసి గాలం మొన కూడా కనిపించకుండా ఉండ చుట్టండి. నీళ్ళలో పడగానే జారిపోతుంది, లేదా చేప అంచులు కొరుక్కుని వెళ్ళిపోతుంది. మిగిలిన నాచును తడి వార్తాపత్రికలో చుట్టి ఫ్రిజ్‌లో దాచాలంటారు. దాచండి, కొత్తిమీర పక్కనే, ఎవరికీ చెప్పకుండా. మర్నాడు పప్పులో ఏం పడిందో తేలేలోపు మీ చేపల వేట శాశ్వతంగా ముగుస్తుంది.

నాచు కదా అని కంటికి కనిపించిన పచ్చదాన్నల్లా పీకే ఉపాయం కూడా ఉంది. ఉప్పుటేటి అడుగున రిబ్బన్లలాగా ఊగే సీగ్రాస్ నాచు కాదు, వేళ్ళున్న గడ్డి. చేపపిల్లలు పెరిగేది అందులో. న్యూ సౌత్ వేల్స్‌లో దాన్ని చట్టం కాపాడుతోంది. పీకితే చేప పడదు గానీ, కేసు పడుతుంది.

బెండు లావుగా, ఎర్రగా, నీళ్ళ మీద బెత్తెడు ఎత్తున నిలబడేదై ఉండాలి. దూరం నుంచి మీకు కనిపించాలి కదా. సన్నటి పొడుగాటి బెండు కింద సీసం గుండ్లు ఒక్కొక్కటే కూర్చి, కొస సెంటీమీటరు మాత్రమే పైన మిగిలేదాకా తూచుకుంటూ కూర్చునేవాళ్ళను పట్టించుకోకండి. చేప నాచును నోట్లోకి తీసుకున్నప్పుడు బెండు బరువు తగిలితే ఉమ్మేస్తుందని వాళ్ళ భయం. లోతు సరిచేయడానికి దారం మీద చిన్న నూలు ముడి వేసి, దాని కింద పూస గుచ్చుతారు, ముడి జరిపితే లోతు మారుతుంది. ఉప్పుటేట్లో ఎర అడుగుకు మూరెడు ఎత్తులో పోవాలి, రాళ్ళ దగ్గర నురుగులో రెండు మూడు మీటర్ల లోతున. మీరు ముడి ఒకసారి వేశాక మళ్ళీ ముట్టుకోకండి. పక్కవాడికి వరసగా పడుతున్నా సరే. వాడిది అదృష్టం.

పక్కవాడి ప్రస్తావన వచ్చింది కాబట్టి మర్యాదలు కూడా చూద్దాం. ఫార్‌స్టర్, టన్‌కరీల రాతికట్టల మీద, లేక్ మెక్వారీ నీళ్ళు సముద్రంలోకి పోయే స్వాన్సీ కాలువ దగ్గర, చలికాలంలో మనుషులు వరసగా నిలబడతారు. అందరూ ఎగువకు విసిరి, బెండు తమ ముందు నుంచి దిగువకు పోతుంటే చూసి, చుట్టేసి, మళ్ళీ విసురుతారు. ఎవరి దారం ఎవరికీ అడ్డు రాదు. మాటల్లేవు, ఒకరి కదలిక ఇంకొకరికి తెలుసు. ఆ వరస మధ్యలో మడతకుర్చీ వేయండి. స్పీకరులో పాటలు పెట్టండి. ఎవరూ విసరనప్పుడు అడ్డంగా విసరండి. అరగంటలో మీ చుట్టూ బోలెడు ఖాళీ స్థలం ఏర్పడుతుంది.

చేపల్ని పిలవడానికి తరిగిన నాచును తడి ఇసుకలో కలిపి కొంచెం కొంచెంగా వేస్తుంటారు. ఇసుక బరువుకు నాచు కిందికి దిగి, ప్రవాహంతో బెండు వెంట పోతుంది. దీన్ని బర్లీ అంటారు. మీరు బకెట్ మొత్తం ఒకేసారి దిగువకు గుమ్మరించండి. చేపలు వస్తాయి, మీ దగ్గరికి కాదు, కిందనున్న ఆయన దగ్గరికి. ఆయన చెయ్యెత్తి నమస్కారం పెడతాడు.

ఇప్పుడు అసలు ఘట్టం. మనలో గోదావరి కాలవ గట్టునో, కృష్ణా డెల్టా బోదె పక్కనో పెరిగినవాళ్ళకు జీలుగు బెండు, ఎర్ర, జెల్ల తెలుసు. బెండు మునిగిందా, చెయ్యి దానంతటదే లేస్తుంది. చిన్నప్పుడు పడ్డ అలవాటు అది, దాన్ని ఇక్కడ ఏమాత్రం వదులుకోకండి. బ్లాక్‌ఫిష్ తొందర లేని జీవి. నాచు తోకను పెదవులతో పట్టి, నములుతూ, నములుతూ లోపలికి తీసుకుంటుంది. పైన బెండు కొస కొంచెం కిందికి దిగుతుంది, ఆగుతుంది, మళ్ళీ పైకొస్తుంది, పక్కకు వాలుతుంది. ఆ తర్వాత, లోపల ఎవరో మెల్లిగా పట్టుకుపోతున్నట్టు, పూర్తిగా జారి నీళ్ళ రంగులో కలిసిపోతుంది. అప్పుడు కర్రను నిలకడగా పైకెత్తాలి. గుంజకూడదు. అప్పటిదాకా ఏమీ చేయకుండా ఉండటమే ఈ విద్యలో తొంభై పాళ్ళు అని నా అభిప్రాయం. జూమ్ మీటింగులో పక్కవాడి వాక్యం పూర్తికాకముందే అందుకునే మనకు ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం. కనుక మొదటి వణుకుకే రెండు చేతులతో గుంజండి. ఖాళీ గాలం వచ్చి వెనకవాళ్ళ టోపీకి తగులుకుంటుంది.

పొరపాటున తగులుకుంటే కంగారు పడకండి, ఇంకా వదిలించుకోవచ్చు. ఈ చేప పొడుగుకు మించిన బలమున్నది, తగలగానే రాళ్ళ సందులోకి దూసుకుపోతుంది. మెత్తటి కర్ర ఆ విసురును తట్టుకుంటుంది, మీ మోటు కర్ర తట్టుకోదు. అప్పటికీ ఒడ్డు దాకా వస్తే, పొడుగు కాడ వల ఉన్నా వాడకుండా దారం పట్టి ఎత్తండి. తెగుతుంది.

లైసెన్సు గురించి రెండు ముక్కలు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు, కొన్ని మినహాయింపులు తప్ప, ఫీజు కట్టే గాలం వేయాలి. ఫోనులోనే కట్టొచ్చు కాబట్టి కట్టకండి. తనిఖీకి వచ్చిన అధికారితో నేను ఐటీలో పన్ను ఎంత కడుతున్నానో తెలుసా అనండి. 27 సెంటీమీటర్ల లోపు బ్లాక్‌ఫిష్‌ను వదిలెయ్యాలనీ, మనిషికి రోజుకు పది మించకూడదనీ నియమం. మీకు పదీ పడవు కాబట్టి రెండోదాని చింత లేదు.

రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వేళాకోళం ఆపక తప్పదు. బ్లాక్‌ఫిష్ మేసేది తెల్లటి నురుగు కొట్టే రాళ్ళ అంచున. ఆస్ట్రేలియాలో రాళ్ళ మీది చేపల వేట మనుషుల్ని ఎక్కువగా బలి తీసుకునే వినోదాల్లో ఒకటి. పోయినవాళ్ళలో మనలా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. గోదావరి ఈదినవాణ్ణి అనే మాట ఇక్కడ పనికిరాదు. అల మిమ్మల్ని ముంచదు, రాతికేసి కొడుతుంది. అందుకే 2016లో రాక్ ఫిషింగ్ సేఫ్టీ యాక్ట్ వచ్చింది. ప్రకటించిన ప్రాంతాల్లో లైఫ్ జాకెట్ లేకుండా రాళ్ళ మీద గాలం వేస్తే జరిమానా. ర్యాండ్‌విక్ కౌన్సిల్ ప్రాంతంతో మొదలైంది. ప్రకటించని చోట కూడా వేసుకోండి. అడుగున మేకులున్న బూట్లు వేసుకోండి. దిగేముందు కనీసం ఇరవై నిమిషాలు దూరంగా నిలబడి అలల్ని చూడండి, పెద్ద అలలు వరుసగా కాసేపటికొకసారి వస్తాయి. మీరు నిలబడదలుచుకున్న రాయి తడిగా ఉంటే అక్కడికి అల వచ్చి వెళ్ళిందని అర్థం. ఒంటరిగా పోకండి, సముద్రానికి వీపు చూపకండి. ఎవరైనా పడితే వెంట దూకకండి. తేలేదేదైనా, ఐస్ పెట్టె అయినా సరే, వాళ్ళకు విసిరి 000కు ఫోను చేయండి. కొత్తవాళ్ళు రెండు మూడు చలికాలాలు ఉప్పుటేటి జెట్టీల మీదే గడపడం మంచిది. చేపలు అక్కడా ఉన్నాయి.

ఇక వంటిల్లు. ఇంత చెప్పినా చేప పడితే దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచిని ఎండలో పెట్టి, సాయంత్రం దాకా మరిచిపోండి. కడుపు నిండా పులుస్తున్న నాచు ఉంటుంది కాబట్టి కండంతా ఆ వాసన ఎక్కుతుంది. తిని ఈ చేప తిండికి పనికిరాదని నలుగురికీ చెప్పండి. ఆ చెడ్డపేరు సగం ఇలా వచ్చిందే. పట్టిన వెంటనే రక్తం కార్చి, పేగులు తీసి, కడుపు లోపలి నల్లపొరను గీకి కడిగి, ఐస్‌లో పెట్టి తెచ్చినవాళ్ళు తోలు వలిచి వేపుడు చేసుకుంటారు. పులుసుకూ బాగుంటుంది, చింతపండు కొంచెం ముందుంటే.

చేప ఎక్కడిది అన్నది మాత్రం వంటకన్నా ముందు ప్రశ్న. మన తెలుగువాళ్ళు చాలామంది ఉండేది పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ చుట్టుపక్కల. ఇంటికి దగ్గర నీళ్ళంటే పారమట్టా నదే. ఆ నది దిగువన హోమ్‌బుష్ బే ఒడ్డున యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఉండేది. అవును, భోపాల్ యూనియన్ కార్బైడే. అది వదిలిన డయాక్సిన్ బురదలో మిగిలింది. 2006లో సిడ్నీ హార్బర్‌లో వ్యాపారానికి చేపలు పట్టడం ఆపేశారు. హార్బర్ బ్రిడ్జికి పడమర పట్టిన చేపను అసలు తినవద్దనీ, తూర్పున పట్టినవి చేపను బట్టి ఇంతకు మించి తినవద్దనీ ప్రభుత్వ హెచ్చరిక ఇంకా ఉంది. చింతపండుకు డయాక్సిన్ పోదు. పడమట పట్టిన చేప ఎంత పెద్దదైనా, పిల్లలు ఎంత అడిగినా, ఫొటో తీసుకుని నీళ్ళలో వదిలెయ్యండి.