ఫార్మాట్ కొట్టేముందు నా మాట

నన్ను 2012లో గుంటూరులో ఒక దుకాణం బల్ల మీద బిగించారు. రెండో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, రెండు జీబీల ర్యామ్, 500 జీబీల హార్డ్‌డిస్క్. ఇవన్నీ పేరులేని క్యాబినెట్‌లో సర్ది, విండోస్ 7 ఎక్కించి, అట్టపెట్టెలో పెట్టి మార్టూరు పంపించారు. అప్పట్లో మార్టూరు ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. నా చోటు మాత్రం ముందుగది కిటికీ పక్కన, కుట్టుమిషన్‌కి ఎదురుగా, అదే.

నన్ను కొన్నది ఇంటావిడ. డీటీపీ నేర్చుకుని, ఇంట్లోనే కూర్చుని చిలకలూరిపేటలో ఒక ప్రెస్సుకు పని చేసిపెట్టేది. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, గ్రానైట్ ఫ్యాక్టరీల బిల్లుబుక్కులు, పురుగుమందుల షాపుల కరపత్రాలు. అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పత్తి తీతలు ముగిసి, మిరపకాయ కల్లాల నుంచి గుంటూరు యార్డుకు కదిలి చేతిలో డబ్బులు ఆడే నెలల్లో ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు ముమ్మరం. అప్పుడు నా ఫ్యాన్ అర్ధరాత్రి దాకా తిరుగుతూనే ఉండేది.

ఆ ఫైళ్ళ సంగతి ముందే చెప్పాలి, నా భయమంతా వాటి గురించే. అను ఫాంట్లతో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ కనబడదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. ఇవాళ్టికీ ఏ ఇంట్లో సంబంధం కుదిరినా, పెద్దవాళ్ళ పేర్లు, ఇంటిపేర్లు సరిచూసుకోవడానికి "మా పెద్దమ్మాయి పెళ్ళికార్డు తియ్యి వదినా" అంటూ వస్తారు. ఆ కార్డులు అచ్చయిన కాగితాలు ఎప్పుడో చెదలు పట్టాయి. మూలప్రతులు నా దగ్గరే ఉన్నాయి.

విండోస్ 10ని ఉచితంగా ఇచ్చే గడువు 2016 జూలై 29తో ముగిసింది. దానికి కొద్దిగా ముందే నన్ను అందులోకి మార్చారు, ర్యామ్ కూడా నాలుగు జీబీలు చేశారు. అక్కణ్ణుంచి నెలనెలా రెండో మంగళవారం వచ్చే చిన్న అప్‌డేట్లు, ఏడాదికోసారో రెండుసార్లో పెద్దవి. కొన్నాళ్ళు సాఫీగా ఎక్కాయి. తర్వాత ఒకటీ ఎక్కడం మానేసింది.

వీధి చివర రిపేర్లు చేసే అబ్బాయి వచ్చి చూశాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం పిన్నీ, అరగంటలో అయిపోద్ది" అన్నాడు. అతని దగ్గర ఉన్న మందు అదొక్కటే. ఒంగోలులో డిప్లొమా చదివే ఇంటి అమ్మాయి సెలవులకు వచ్చి ఉండబట్టి సరిపోయింది. "ఆగన్నా, ముందు కోడ్ ఏందో చూడనీ" అంది. నా తెర మీద పడే ఆ అంకెల్ని అంతకుముందు ఎవరూ చదవలేదు.

మొదటి చిక్కు గడియారంతో. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. కొలతలు ఆ అంకెల్లోనే ఉన్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కరెంటు లేనప్పుడు నా తేదీనీ టైమునీ నిలబెట్టేది అదే. ఈ ఇంట్లో పడుకునేముందు ప్లగ్గు పీకేస్తారు. పిడుగులకీ, వోల్టేజీ హెచ్చుతగ్గులకీ టీవీలు కాలిపోవడం చూసినవాళ్ళు, వాళ్ళ జాగ్రత్త సబబే. కానీ ప్లగ్గు తీసినంతసేపూ భారమంతా ఆ బ్యాటరీది. ఏళ్ళు గడిచి అది అయిపోయింది. పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఎఫ్1 నొక్కమని వచ్చేది. ఇంట్లో అందరికీ అది నొక్కడం అలవాటైపోయింది. నేను మాత్రం రోజూ 2012 జనవరి 1న నిద్ర లేచేదాన్ని.

ఆ తేదీతో అప్‌డేట్ తెచ్చుకోలేను. అవతలి సర్వర్ ముందుగా తన సర్టిఫికెట్ చూపిస్తుంది. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా చెల్లుతుందో దాని మీద ఉంటుంది, పత్తి విత్తనాల ప్యాకెట్ మీద తేదీలున్నట్టు. నా లెక్క ప్రకారం ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు. చెల్లనిదాన్ని నమ్మి ఫైళ్ళు దించుకుంటే ఇంట్లోకి ఎవర్నయినా రానిచ్చినట్టే కాబట్టి తలుపు వేసేశాను. తెర మీద 80072ఎఫ్8ఎఫ్ అని పడింది. నెట్ బాగాలేదనుకుని ఇంట్లోవాళ్ళు ఫోన్ హాట్‌స్పాట్ మార్చి మార్చి చూశారు. విండోస్ వారానికోసారి తనంతట తానే టైము సరిచేసుకుంటుంది, నిజమే. తేడా పదిహేను గంటలు దాటితే మాత్రం ఆ దిద్దుబాటు జరగదు. నాది ఏళ్ళ తేడా. అమ్మాయి వాచీలు బాగుచేసే షాపులో బ్యాటరీ కొనుక్కొచ్చి, స్క్రూలు విప్పి మార్చింది. బయోస్‌లో తేదీ దిద్దింది. ఆ మధ్యాహ్నమే అప్‌డేట్లు దిగడం మొదలైంది.

దిగడం వేరు, ఎక్కడం వేరు. ఈసారి కోడ్ 80070070, అంటే చోటు చాలడం లేదని. దుకాణంలోనే నా హార్డ్‌డిస్కును సి, డి, ఇ అని మూడు భాగాలు చేశారు. సి డ్రైవుకు 60 జీబీలు. విండోస్ 7కి అది బోలెడు. విండోస్ 10 పెద్ద అప్‌డేట్‌కు మాత్రం కొత్త వ్యవస్థ, దాన్ని విప్పుకునే జాగా, పాతదాన్ని కొన్నాళ్ళు దాచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్, ఇవన్నీ ఒకేసారి సి లోనే పట్టాలి. "డి అంతా ఖాళీయేగా, అందులో పెట్టుకోవచ్చుగా?" అని ఇంటావిడ అడిగింది. "అట్టా కుదరదమ్మా, అది సి లోనే దిగుద్ది" అంది అమ్మాయి. అప్పుడే ఇంకో సంగతి తేలింది. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు కూడా సి డ్రైవులోదే. శుభలేఖల ఫోల్డర్ ఉన్నదీ అక్కడే. ఆ అబ్బాయి సి ని ఫార్మాట్ కొట్టి ఉంటే అవన్నీ పోయేవి. అతనికి ఆ సంగతి తెలియక కాదు, ఏం దాచాలో అడగాలని తోచలేదు.

అమ్మాయి ముందు ఆ ఫోల్డర్‌ను బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసింది. తర్వాత డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైళ్ళ బటన్ నొక్కి పాత అప్‌డేట్ల చెత్త తీసేసింది. అప్‌డేట్ సర్వీసును, వెనక నుంచి ఫైళ్ళు తెచ్చే బిట్స్ సర్వీసును ఆపి, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చింది. సగం సగం దిగిన ముక్కలన్నీ అందులోనే ఉంటాయి. సర్వీసులు మళ్ళీ మొదలుపెడితే నేను ఆ పేరుతో కొత్త ఫోల్డర్ తయారుచేసుకుని మొదటి నుంచి దించుకుంటాను. పేరు మార్చింది గానీ తుడిచెయ్యలేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

అయినా మూడోవంతు దాకా ఎక్కి, మార్పులు వెనక్కి తీసుకుంటున్నామని తెర మీద చూపించి మొదటికి వచ్చేదాన్ని. దీన్ని అందరూ నా మొండితనం అనుకుంటారు. కొత్త ఫైళ్ళు పూర్తిగా కుదరకపోతే పాత స్థితికి తిరిగి రావడం వల్లే మర్నాడు ఇంటావిడ మళ్ళీ పేజ్‌మేకర్ తెరవగలిగింది. ఆ తెర ఉన్నప్పుడు స్విచ్ ఆపకూడదు, ఎంతసేపైనా సరే.

కారణం నా లోపలి పాడైన ఫైళ్ళు. పనిలో ఉండగా కరెంటు పోయిన ప్రతిసారీ, డిస్కు మీద రాస్తున్నదేదో సగంలో తెగిపోతుంది. యూపీఎస్ ఉన్నా అందులో బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది. అమ్మాయి డిస్మ్ కమాండ్‌తో ఆరోగ్యం పునరుద్ధరించమంది, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టింది. వరస ముఖ్యం. ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్ళను తెచ్చుకునే భాండారాన్ని బాగుచేసేది డిస్మ్. 62.3 శాతం దగ్గర అది ఆగిపోయినట్టు కనబడుతుంది. ఆగలేదు, పని చేస్తోంది. అక్కడే చాలామంది కిటికీ మూసేస్తారు. అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి పప్పు తాలింపు వేసి వచ్చేదాకా నాకు సమయం ఇచ్చింది.

వేడి సంగతి కూడా ఉంది. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల తెల్లటి పొడి, స్పిన్నింగ్ మిల్లుల వైపు నుంచి వచ్చే దూది నూగు కిటికీలోంచి వచ్చి నా హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకున్నాయి. ఏప్రిల్ ఎండల్లో పెద్ద అప్‌డేట్ అంటే ప్రాసెసర్ గంటలకొద్దీ పూర్తి బరువు మోస్తుంది. గాలి ఆడక నేను హఠాత్తుగా ఆగిపోయేదాన్ని. ఇంటాయన ఫ్యాక్టరీ నుంచి బ్లోయర్ తెచ్చి ఊదాడు. "ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకో నాన్నా" అని అమ్మాయి చెప్పింది. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ కూడా మార్చారు. పెద్ద అప్‌డేట్ ఆ రాత్రి చల్లబడ్డాక ఎక్కింది.

2024 జనవరి 9న వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్ నా వరకూ చిన్న విషయం, ప్రపంచమంతా ఎంతోమందిని తిప్పలు పెట్టినా. రికవరీ భాగంలో 250 ఎంబీల ఖాళీ లేని కంప్యూటర్లలో అది 80070643 అని చెప్పి ఆగిపోయింది. దానికి సి ని కాస్త కుదించి రికవరీ భాగాన్ని పెద్దది చెయ్యాలి. డిస్క్‌పార్ట్‌తో పని, ఒక్క అంకె తప్పినా డేటా పోతుంది. అమ్మాయి కాపీ ఉందని మళ్ళీ సరిచూసుకున్నాకే ముట్టుకుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం నుంచి ఉండాలి. నాకు రెండూ లేవు. దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలున్నాయి గానీ, అట్టా ఎక్కిస్తే రేపు అప్‌డేట్లు వస్తాయన్న పూచీ లేదని అమ్మాయి వద్దంది. విండోస్ 10 వాడే ఇళ్ళకు భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, ఇచ్చే పథకంలో నన్ను చేర్పించింది. దానికి 22హెచ్2 వెర్షన్ ఉండాలి. ఆ రాత్రి ఎక్కింది అదే కాబట్టి వీలైంది.

ఆ గడువు ముగిశాక లినక్స్‌కి మార్చే ఆలోచనలో ఉంది అమ్మాయి. పెన్‌డ్రైవ్ నుంచే, నా డిస్కును ముట్టుకోకుండా, నడిపి చూసింది. వైఫై, ప్రింటర్ రెండూ పనిచేశాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు మెనూలన్నీ తెలుగులో కనబడే లినక్స్ చేశారని ఇంటావిడకు చెప్పింది. "మరి నా పేజ్‌మేకర్ ఫైళ్ళు?" అని ఆమె అడిగింది. అవి అందులో నేరుగా తెరుచుకోవు. అందుకే తల్లీకూతుళ్ళు కూర్చుని ఒక్కో శుభలేఖనీ పీడీఎఫ్‌గా మారుస్తున్నారు. పీడీఎఫ్‌లోకి ఫాంటు కూడా వెళ్ళిపోతుంది కాబట్టి తెలుగు ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగులానే కనబడుతుంది. 2012తో మొదలుపెట్టి 2017 మాఘమాసపు పెళ్ళిళ్ళ దగ్గర ఉన్నారు. ఆ ఏడు ముహూర్తాలు ఎక్కువేమో, ఫోల్డర్ పెద్దగా ఉంది. ఈ ఆదివారం సగం పూర్తవుతుందని అమ్మాయి అంచనా.