తెలుపు ఆడి గెలుచును: సికింద్రాబాదు వ్యాఖ్య

అవతారిక: ఈ చదరంగపు చిక్కును 1901లో లోకానికిచ్చినవారు ఇమాన్యుయేల్ లాస్కర్, రైక్‌హెల్మ్. రూబెన్ ఫైన్ 1941 నాటి తన అంత్యదశల గ్రంథంలో దీన్ని డెబ్బయ్యో బొమ్మగా చేర్చాడు గనుక, చదరంగపు ప్రోగ్రాములు రాసి, వాటిని దీనితో పరీక్షించేవారి నోట ఇది ‘ఫైన్ 70’. సికింద్రాబాదు పద్మారావునగర్‌లో, ల్యాప్‌టాప్ ఫ్యాను రొదలో ఈ వ్యాఖ్య పుట్టింది.

మూలం: ‘తెలుపు ఆడి గెలుచును.’

ప్రతిపదార్థం:
తెలుపు = ఎ1 మూలన రాజు; ఎ4, డి4, డి5, ఎఫ్4లలో నాలుగు బంట్లు. ఒక్క బంటూ కదలదు. ఏలయన ఎ5, డి6, ఎఫ్5లలో నల్లబంట్లు ఎదురు నిలిచాయి. డి4 బంటుకైతే అడ్డు స్వపక్షమే! నల్లరాజు ఎ7లో ఉన్నాడు.
ఆడి = బి1కి జరిగి. తిన్నగా బి2కి ఎక్కక పక్కకు జరగడమేమిటని శంక కలుగుతుంది. బి5, జి5 అని చొరబడడానికి రెండు వాకిళ్లు. కాపలాకు నల్లరాజు ఒక్కడే. తెల్లరాజు నిలిచే ప్రతి గడికీ నల్లరాజు నిలవవలసిన జత గడి ఒకటుంది. ఆ జత కుదరకుండా చేయడమే బి1 ఎత్తు పరమార్థం.
గెలుచును = వెంటనే కాదని భావము. చాలా ఎత్తులు నడిచాకనే మొదటి బంటు రాలుతుంది. ఈ క్రియాపదం దగ్గరే యంత్రాలు తడబడేవి.

పూర్వపక్షం: వరంగల్ ఆటగాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2801 రేటింగు అందుకున్నాడు. స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాం అంతకు వందల పాయింట్లు పైన ఉంది. దానికింకా పరీక్షలెందుకు?

సమాధానం: పరీక్ష బలానికి కాదు, జ్ఞాపకానికి. బంట్లు కదలనంతవరకు ఇద్దరు రాజుల నిలయాలు 64ను 64తో గుణించిన 4096కు మించవు. వంతు ఎవరిదో కలిపితే రెట్టింపు. ఇంత చిన్న లోకంలో లోతుకు పోయేకొద్దీ దారులు మాత్రం లక్షలు. ప్యారడైజ్ నుంచి ఏ సందులో దూరి వచ్చినా క్లాక్ టవర్ అదే కదా! చూసిన స్థితిని పట్టికలో రాసుకునే ప్రోగ్రాం ‘ఇది చూశాను’ అని ముందుకు పోతుంది. పట్టిక లేనిది ప్రతిసారీ మొదటినుంచి లెక్క కడుతూ, గెలుపు కనబడక తొలి స్కోరు దగ్గరే కూర్చుంటుంది. ఆ కదలని స్కోరుకు ‘తెలియదు’ అని అర్థం చెప్పుకోవాలి. ‘డ్రా’ అని చెప్పుకున్నవారు మోసపోతారు.

అంత్యదశల జవాబులు ముందే లెక్కకట్టి పెట్టిన సిజిజీ పట్టికలున్నాయిగా అంటే, అవి ఏడు పావుల వరకే. ఇక్కడ తొమ్మిది.

విశేషం: తెలుపుకు మొత్తం ఎత్తులే మూడు: ఎ2, బి1, బి2. కళ్లు మూసుకుని వేలు పెట్టినా మూడింట ఒక వంతు పాసు! బి1 ఆడిందని చప్పట్లు కొట్టేవాళ్లు ఈ సంగతి గమనించరు. మన మారేడుపల్లి కుర్రాళ్లు రాసుకునే ప్రోగ్రాములకూ ఈ అదృష్టం పడుతుంది.

తాత్పర్యం: ఎత్తుకు మార్కులు వేయవద్దు. బి1 తెరపైకి వచ్చాక స్కోరు ఎప్పుడు, ఏ లోతులో పైకి లేచిందో రాసుకోండి. లేవకపోతే ఆ జవాబు చెల్లదు. పుస్తకపు జవాబు బట్టీ పట్టిందన్న అనుమానముంటే, బోర్డును ఎడమకు కుడి చేసి, రాజును హెచ్1లో పెట్టి మళ్లీ అడగండి. అప్పుడు అది జి1 అనాలి.