ద్విచక్ర సందేశము (టీకా తాత్పర్య విశేష సహితము)

అవతారిక

కొంపల్లి వాస్తవ్యుడైన ఒక యువకుడు, విజయవాడ నుండి వచ్చి మియాపూరులో అద్దెకున్న తన మిత్రునికి రాత్రి పదకొండు దాటిన పిమ్మట వాట్సాప్‌లో పంపిన సందేశము ఈ గ్రంథమునకు మూలము. మూలకర్తకు పాత బుల్లెట్టు ఒకటి, భార్య ఒకతె కలరు. ద్వితీయునికి రెండును లేవు, సెలవులు మాత్రము మిక్కిలిగా కలవు. మూలకర్తను ఇకమీద చోదకుడనియు, రెండవవానిని పృష్ఠాసీనుడనియు వ్యవహరింతుము. పృష్ఠాసీనుడనగా వెనుక కూర్చున్నవాడు. వీరిరువురును ఒకరినొకరు 'మామా' అనియే పిలుచుకొందురు గావున ఆ పదముతో ఎవరు ఎవరో తెలియదు.

మూలము

"మామా ఎల్లుండి పొద్దుగాల నాలుగింటికి స్టార్ట్. లడఖ్ పోతున్నం. బండి నాది పెట్రోల్ సగం సగం. నువ్వు ఊకె ఎనుక కూసో చాలు. ఇంట్ల చెప్పకు."

ప్రతిపదార్థము

మామా = ఓ మిత్రుడా (చుట్టరికము లేదు, పిల్లనిచ్చు ఉద్దేశమును లేదు); ఎల్లుండి = జూన్ నెలలో ఏదో యొక శనివారమున; పొద్దుగాల నాలుగింటికి = ఏడున్నరకు, టిఫిను తరువాత; స్టార్ట్ = కిక్కు కొట్టుట మొదలగును; లడఖ్ పోతున్నం = నేను పోవుచున్నాను, కాబట్టి నీవును వచ్చుచున్నావు; బండి నాది = బండి నాది (ఈ మాట దారిలో పలుమారు వినబడును); పెట్రోల్ సగం సగం = వివాదాస్పదము, విశేషములు చూడవలెను; ఊకె = ఇదియు అట్లే; ఎనుక కూసో = వెనుక కూర్చుండుము; చాలు = చాలదు; ఇంట్ల చెప్పకు = మా ఇంట చెప్పకుము.

తాత్పర్యము

స్పష్టము.

విశేషములు

ఎల్లుండి: మనాలి నుండి లేహ్ పోవు దారిని మంచు ఏటా మూయును, సరిహద్దు రహదారుల సంస్థవారు ఏటా తెరతురు. కావున ఎల్లుండి ఎప్పుడన్నది నిర్ణయించునది 1960లో ఏర్పడిన ఆ సంస్థయే కాని చోదకుడు కాడు.

లడఖ్ పోతున్నం: దూరము ఒక దారికి రమారమి 2,500 కిలోమీటర్లు. కొంపల్లి ముంగిట పోవు రోడ్డు 44వ నెంబరు జాతీయ రహదారి. కన్యాకుమారి నుండి శ్రీనగరము దాకా పోవు ఈ రోడ్డులో మన భాగము పూర్వము ఏడవ నెంబరు. 2010లో నెంబర్లు మార్చిరి. లారీ డ్రైవర్లు నేటికిని పాత నెంబరే చెప్పుదురు. తూప్రాన్, రామాయంపేటలు దాటునపుడు పడమటి దిక్కున, మెదక్ దాపున, కొల్చారము కలదు. అది వ్యాఖ్యాతలకెల్ల పుట్టినిల్లు. కాళిదాసు కావ్యములు మూడింటికి సంజీవని యను వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి ఇంటిపేరు ఆ ఊరిదే. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ఆయన నియమము పెట్టుకొనెను. ఇందు రెండవ సగమును పాటించినచో ఈ వ్యాఖ్య ఇచటనే ముగియును గనుక మొదటి సగముతో సరిపెట్టుకొనుచున్నాము.

ఆదిలాబాదు దాటి, పెన్‌గంగ దాటి, నాగపూరు దాటగానే మన్సర్ అను చోట రోడ్డు పక్కన రామ్‌టెక్ అని బాణపు గుర్తు కనబడును. మేఘసందేశములో యక్షుడు శాపముతో కాలము గడిపిన రామగిరి ఇదేయని పరిశోధకులు పెక్కుమంది మతము. నాగపూరు పండితులు వి.వి. మిరాశీ ఈ వాదమును గట్టిగా నిలిపిరి. అనగా మేఘుడును మనవారును ఇంచుమించు ఒకేచోట నుండి హిమాలయమునకు పోవువారే. మేఘునికి పెట్రోలు ఖర్చు లేదు, వెనుక ఎవరును లేరు.

అయితే మల్లినాథుడు రామగిరి యనగా చిత్రకూటమని వ్రాసెను. అదెక్కడ, ఇదెక్కడ! మన్సర్ కూడలిలో బండి ఆపి పృష్ఠాసీనుడు ఈ సంగతి చెప్పగా చోదకుడు, "అంటే ఎనుక కూసున్నోళ్లు దారి తప్పుడు చెప్పుడు అప్పటినుంచే ఉందన్నట్టు" అనెను. ఇది అన్యాయము. వ్యాఖ్యాత తనకు ముందున్నవారి మాటను నమ్మి పోవలసినవాడు. ముందున్న హెల్మెట్టు తప్ప అతనికి ఏమి కనబడును?

ఇంకొకటి. ఉత్తరమునకు పోవువానికి వంకరదారియే యైనను ఉజ్జయిని చూచి పొమ్మని యక్షుడు మేఘుని కోరును. ఇది మొదలు ఏ యాత్రకైనను ఒక ఉజ్జయిని తప్పదు. పృష్ఠాసీనుడు నాగపూరులో ఈ ప్రస్తావన తెచ్చెను. చోదకుడు ఫోనులో దారి చూచి, పడమటికి పోవలసిన దూరము చూచి, "మేఘానికి క్లచ్ ప్లేట్లు ఉండవు మామా" అని త్రోసిపుచ్చెను. కాని ఆగ్రాలో తన పెద్దమ్మ కొడుకు ఇంట ఒక పూట ఆగుట మాత్రము వంకరదారి కాదట!

బండి నాది: ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మద్రాసున వెలసినది. దాని పాత బుల్లెట్లలో గేరు కుడికాలి కిందను, బ్రేకు ఎడమకాలి కిందను ఉండును. నేటి బండ్లకు ఇది తలకిందులు. పృష్ఠాసీనుడు ఇంకొక బండి మీద నేర్చినవాడు. నిర్మల్ ఘాట్లలో ఒకసారి నడుపనిచ్చినంతనే బ్రేకు వేయబోయి గేరు మార్చెను. అంతటితో వానికి ఆ హక్కు పోయినది. 'బండి నాది' యన్న మాట అందుచేత ఆస్తిని గాక అధికారమును తెలుపునది. వంటిల్లు ఎవరిదో పెత్తనము వారిదన్నట్లు, గేరు ఎవరి కాలికి లొంగునో దారి వారిది.

పెట్రోల్ సగం సగం: ఇది సూత్రప్రాయము. దీనిమీద పూర్వపక్షములు మూడు. సగమనగా లీటర్లలోనా, రూపాయలలోనా? రాష్ట్రమునకొక ధర గావున రెండును ఒకటి కావు. ఆయిలు మార్పించిన ఖర్చు పెట్రోలులో చేరునా? చోదకుడు చేరుననును. పంచరు? అది వెనుక చక్రమునకైనచో వెనుకవాని ఖాతా అనును. ఇది ఏ శాస్త్రమందును లేదు.

అసలు చిక్కు తాండి వద్ద వచ్చినది. మనాలి విడిచి, 2020లో తెరచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము దాటి, చంద్ర, భాగ యను రెండు నదులు కలియుచోట తాండిలో ఒక పెట్రోలు బంకు కలదు. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున గలదని అక్కడి పలక ప్రసిద్ధము. పలక ముందు ఫోటో దిగనివారు లేరు. ట్యాంకు నిండిన పద్నాలుగు లీటర్లు. మైదానములో లీటరుకు ముప్పది కిలోమీటర్లు. ఇద్దరు మనుషులు, నాలుగు సంచులు, కొండలు. లెక్కకు సరిపోవును, బండికి సరిపోదు. కావున అయిదు లీటర్ల క్యాను కొని నింపిరి. అది ఎవరి వీపున పోవలెను? మూలములో పెట్రోలు సగము సగమనియే యున్నది, క్యాను సగమని లేదు. క్యాను వెనుకవాని ఒడికి చేరినది. సర్చూ గుడారములలో రాత్రి వాని దుప్పటి కూడ పెట్రోలు వాసనయే.

ఊకె ఎనుక కూసో: మూలమునకెల్ల ఇది ప్రాణము. 'ఊకె' యనగా ఏ పనియు లేకుండ అని అర్థము చెప్పుకొని పృష్ఠాసీనుడు మోసపోయెను. ఆ యొక్క రెండక్షరములలో అణగియున్న పనులు చూడుడు. ఫోనులో దారి చూచి చెప్పుట. చెప్పినది గాలిలో వినబడక దాటిపోయినచో ఎందుకు చెప్పలేదని తిట్లు తినుట. మధ్యాహ్నభోజనానంతరము సివనీ, ఝాన్సీల మధ్య చోదకునికి నిద్ర రాకుండ కథలు చెప్పుట. చలి దేశములో వాని జేబులోని చెక్కీ విప్పి వాని నోటికందించుట. కరిగిన మంచునీరు రోడ్డు మీద పారు నాలాల వద్ద దిగి, బూట్లు విడిచి, ముందుగా తాను నడచి లోతు చూచుట. బ్రేకు వేసినపుడెల్ల వెనుక హెల్మెట్టు ముందు హెల్మెట్టునకు తగిలి టక్కుమనును. తప్పు ఎప్పుడును వెనుకదానిదే.

మాట వినబడదు గావున భుజముమీద తట్టుటయే భాష. ఒక తట్టు మెల్లగా పొమ్మని. రెండు తట్లు టీ. మూడు తట్లు ఇక ఆగలేననుట. ఎడతెగక తట్టినచో అర్థము సందర్భమును బట్టి గ్రహింపవలెను. పెంచ్ అడవిలో మెకముల రాకపోకలకై రోడ్డును వంతెనలమీద ఎత్తి కట్టిన చోట పృష్ఠాసీనుడు ఎడతెగక తట్టెను. పులి యనుకొని చోదకుడు వేగము పెంచెను. అది దుప్పి. ఈ భాషకు వ్యాకరణము ఇంకను స్థిరపడవలసియున్నది.

ఇక వాయువు సంగతి. తంగ్లంగ్ లా కనుమ 5,328 మీటర్ల ఎత్తు. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండు దానిలో ఇంచుమించు సగమే. పెట్రోలు మండుటకు ప్రాణవాయువు వలెను. కార్బురేటరు పాతకాలపుది, దానికి ఎత్తు తెలియదు, ఎప్పటియంత పెట్రోలే పోయును. గాలి తక్కువై, మండక, నల్లపొగయై బయటికి వచ్చును, బండి మూల్గును. నేటి ఇంజెక్షన్ బండ్లు గాలిని కొలిచి పెట్రోలు తగ్గించుకొనును. వానికిని లేని గాలిని పుట్టించు శక్తి లేదు. బలము చాలనపుడు బరువు తగ్గింపవలెను. బండిమీద తగ్గింపదగిన బరువు ఏది? "మామా, జరంత దిగి నడువవా, మలుపు దాటినంక ఎక్కుదువు." ఇచట మూలములోని 'కూసో' అను క్రియకు బాధ కలిగినది. ఇంజనుకు సగము గాలి చాలదనుట శాస్త్రము. దిగి నడచువానికిని ఆ సగము గాలియే యని మాత్రము ఎవరును తలపలేదు.

ఆ కనుమకు రాకముందే గాటా లూప్స్ అను ఇరువదియొక్క మలుపులు కలవు. అక్కడ ఒక మలుపు వద్ద చిన్న గుడివంటిది, దాని చుట్టు నీళ్ల సీసాల కుప్ప, సిగరెట్లు. దారినపోవువారు చెప్పు కథ ఇది: మంచు ముంచుకొచ్చు కాలమున ఒక లారీ ఇక్కడ చెడిపోయెను. డ్రైవరు సాయము కొరకు ఊరికి నడిచిపోయెను, క్లీనరు సరుకుకు కాపలా ఉండెను. దారి మూసికొనిపోయి డ్రైవరు రోజుల తరబడి తిరిగి రాలేకపోయెను. అప్పటినుండి ఆ మలుపులో ఒకడు నీళ్లడుగుచు కనబడునట. డ్రైవరు పేరు ఎవరికిని అక్కరలేదు, గుడి క్లీనరుకే. చోదకుడు సీసా మూత తీసి అక్కడ పెట్టి, ఏమియు అనక, వెనుకవాని సంచి తీసి ట్యాంకు మీద కట్టుకొనెను. ఆ రోజంతయు 'బండి నాది' యని అనలేదు. ఈ సందర్భమునకు వ్యాఖ్య వ్రాయుట మావల్ల కాదు.

పాఠాంతరము: ఖర్దుంగ్ లా ఎత్తు పలకలమీదను బనియన్లమీదను 18,380 అడుగులు. ఉపగ్రహ సాయముతో కొలిచినవారి పాఠము 17,582. తేడా ఎనిమిది వందల అడుగులకు లోపు. ప్రపంచమున బండ్లు పోగల రోడ్లలో ఇదే ఎత్తైనదను బిరుదము సైతము పోయినది. 2021లో ఉమ్లింగ్ లా 19,024 అడుగులతో గిన్నిస్ పుస్తకమునకెక్కెను. అయినను పలకపాఠమే గ్రాహ్యమని చోదకుని పక్షము. "గంత దూరమొచ్చి తగ్గించుకుంటమా?" యని వాని హేతువు. వ్యాఖ్యాతకు కొలతపాఠము సమ్మతము. తల తిరిగినది మాత్రము రెండు పాఠములకును ఒకే తీరున తిరిగెను.

ఇంట్ల చెప్పకు: ఇతర రాష్ట్రముల ప్రీపెయిడ్ సిమ్ములు లడఖ్‌లో మూగవోవును, పోస్ట్‌పెయిడ్ పలుకును. చోదకునిది ప్రీపెయిడ్. పృష్ఠాసీనునిది ఆఫీసువారిచ్చిన పోస్ట్‌పెయిడ్. ఈ భేదమును మూలకర్త ఎరుగడు గావున చోదకుని ఇంటివారి కాల్ పృష్ఠాసీనునికి వచ్చెను. అప్పుడు లేహ్ బజారులో వాడు ఎండబెట్టిన ఆప్రికాట్లు బేరమాడుచుండెను.

"అన్నా, మా ఆయన ఫోను కలుస్తలేదు. నాగపూర్ల పని అయిందా?"

"అయిపోవచ్చిందమ్మా."

"ఆ పసుపుపచ్చ బోర్డు ముందల దిగిన ఫోటో మంచిగొచ్చిందన్నా. నిన్న రాత్రి స్టేటస్ పెట్టిండు. అండ్ల మీరు లేరేంది?"

హోటలు వైఫై కలదని చోదకుడు మరచెనో, లేక ఎత్తైన చోట బుద్ధికిని సగము గాలియే అందెనో నిర్ణయింపజాలము. పృష్ఠాసీనుడు కొంత తడవు ఊరకుండి, "తీసింది నేనేనమ్మా" అనెను.

"చలికి స్వెటర్ ఏసుకొమ్మనండ్రి. నల్ల సంచిల అడుగుకు పెట్టిన."

నల్లసంచిని హైదరాబాదు నుండి వీపున మోసినవాడు పృష్ఠాసీనుడే. స్వెటర్లు రెండు కలవు. రెండవది వాని కొలతకే సరిపోయెను.

గద్య

ఇది శ్రీమత్కొంపల్లిపురవాస్తవ్య చోదక ప్రణీతమైన ద్విచక్ర సందేశమునకు పృష్ఠాసీన విరచితమైన వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. తిరుగు ప్రయాణమున బండి ఢిల్లీలో రైలు పార్శిలుకు ఎక్కింపబడుటయు, అందుకై ట్యాంకులోని పెట్రోలంతయు తీసివేయవలసివచ్చుటయు, ఆ తీసిన నాలుగు లీటర్లలో రెండు ఎవరివో తేలకుండుటయు ద్వితీయాశ్వాసమున వ్యాఖ్యానింపబడును.