కొబ్బరికాయ శాస్త్రము

దేవరకొండ వైపు మెట్టచెలకలందు బోరు వేయదలచిన రైతు తొలుత రిగ్గును పిలువడు. అరచేత కొబ్బరికాయ నుంచుకొని, చెలకలో నిటునటు తిరిగి, ఆ కాయ నిక్కి నిలిచినచోట గంగమ్మ కలదని నిర్ణయించు ప్రాజ్ఞుని పిలుచును. పిమ్మట రిగ్గు వచ్చును. అడుగున కింతయని లెక్కగట్టి, నల్లరాతిని ఐదారువందల అడుగులు తొలిచి, నీరుబికినను దుమ్ము లేచినను ఒకే లెక్కన సొమ్ము పుచ్చుకొని, తెల్లవారకముందే వేరొక చెలకకు తరలిపోవును. కొబ్బరికాయవాని దక్షిణ పోదు, రిగ్గువాని కిరాయి పోదు. పోవునది, అప్పు తెచ్చినవాని నిద్ర యొక్కటియే. ఇంత నిక్కమైన వర్తకధర్మము లోకమున వేరొకచోట లేదని నేను చాలకాలము భ్రమపడియుంటిని. మొన్న ఒక బత్తాయి రైతు తన కూతురి నర్సింగు చదువునకు లెక్క వేసిపెట్టుమని వచ్చి ఆ భ్రమను పోగొట్టెను.

"నాలుగు లక్షలున్నయి సార్... ఉన్నయంటే, దొరుకుతయి. ఇంకో బోరేద్దామా, బిడ్డను నర్సు సదివిద్దామా? మీరే చెప్పాలె."

నేను కాగితమును కలమును తీసికొంటిని. పరుల అప్పునకు లెక్క వేయుటకంటె సుఖకరమైన వ్యసనము వేరొకటి లేదు.

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమువారి కౌన్సెలింగులో కన్వీనరు కోటా సీటు దక్కినచో ఫీజు రీయింబర్సుమెంటు కలదు. 2008లో ఉమ్మడి రాష్ట్రమున అవతరించిన ఆ పథకము నేటికిని కలదు. దాని బకాయిలును కలవు. ప్రభుత్వము కళాశాలకు బాకీపడును. ఆ బాకీ తీరువరకు పలు కళాశాలలు విద్యార్థిని సర్టిఫికెట్లను తమ బీరువాలో భద్రపరచును. అప్పు ఒకరిది, తాకట్టు మరొకరిది! 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము, తాను రద్దుచేయు పద్ధతులను పేరుపేరున నెన్నుచు, మన నిజాము కాలపు 'భగేలా'ను గూడ నందు జేర్చినది. సర్టిఫికెట్ల తాకట్టు ఆ పట్టికలో లేదు గనుక దానిని మనము నిశ్చింతగా విద్యావిధానము అనవచ్చును.

కన్వీనరు సీటు వచ్చునో రాదో కొబ్బరికాయయే చెప్పవలెను గావున, యాజమాన్య కోటాయే యనుకొని, ఫీజును హాస్టలును కలిపి ఏటికొక లక్ష చొప్పున నాలుగు లక్షలు పెట్టితిమి. బ్యాంకు వడ్డీ నూటికి 10 అనుకొంటిమి. చదువు నాలుగేండ్లును, ఆపై నొక్క యేడును కంతులకు సెలవు. వడ్డీకి మాత్రము సెలవు లేదు. ఆ గడువు ముగియునప్పటికి 4 లక్షలు 5 లక్షల 40 వేలగును. దానిని పదేండ్లలో తీర్చదలచినచో నెలకు 7,100 పైచిలుకు. వెరసి కట్టునది ఎనిమిదిన్నర లక్షలు. కుటుంబపు వార్షికాదాయము నాలుగున్నర లక్షలకు మించనిచో ఆ సెలవుకాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించు పథకము 2009 నుండి కలదు. అది వర్తించినచో కంతు 5,300 లోపునకు దిగును. ఇది మెచ్చదగిన పథకము. అందుచేతనే కాబోలు, మా రైతునకు దానిని గూర్చి ఎవ్వరును చెప్పలేదు.

"బ్యాంకోళ్లు కాగితాలని నెల సంది తిప్పుతున్నరు సార్. ఊర్లనైతే రెండు రూపాయల మిత్తికి రాత్రికి రాత్రి ఇస్తరు," అనెను. రెండు రూపాయలన్న మాట చెవికెంత యింపుగా నున్నది! నాలుగు లక్షలకు నెలకు 8,000 మిత్తి. అసలు మాత్రము వెంట్రుకవాసియైనను కదలదు.

ఇక ఆదాయపక్షము. 2024 జనవరి 31న హైదరాబాదు ఎల్బీ స్టేడియములో 6,956 మంది స్టాఫ్ నర్సులకు ముఖ్యమంత్రి నియామకపత్రము లిచ్చెను. వారి మూలవేతనము 36,750తో మొదలగును. బీబీనగరు ఎయిమ్సు వంటి కేంద్రసంస్థలందైనచో 44,900. ఇవి నీరు పడిన బోర్లు. ఊరివారందరు ఆ నీటినే చూపుదురు. ఎండిన బోరు చెంత ఎవ్వరును సభ పెట్టరు.

మిగిలినవారికి ప్రైవేటు ఆసుపత్రులు. వారి వెతలను విని సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఒక కమిటీని వేయుమనెను. రెండువందల పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానముగ జీతమియ్యవలెననియు, ఏబది పడకలలోపుది సైతము 20,000కు తగ్గింపరాదనియు ఆ కమిటీ సిఫారసు చేసెను. సిఫారసు అనుమాట పారసీకము. ఆసుపత్రుల యాజమాన్యములకు ఆ భాష రాదు. అయినను శాస్త్రోక్తముగా 20,000 చేతికందినదనియే యనుకొందము. ఊరి మిత్తి 8,000. పట్నపు హాస్టలునకు 6,500 అనుకొన్నచో మిగులునది 5,500. దానిలో బస్సు కిరాయి, ఫోను, నాయిన మందులు, బతుకమ్మకు చెల్లెలి చీర. ఇవన్నియు పోగా మిగిలినది అసలునకు.

సేవావృత్తిలో ధనచింత యేల యని అడుగువారు కలరు. వారు ఏటేట మే 12న మైకుల ముందు నిలిచి ఫ్లోరెన్స్ నైటింగేలు దీపమును స్మరింతురు. ఆ మహనీయురాలు 1853లో లండను హార్లీ వీధి ఆసుపత్రి పర్యవేక్షణకు జీతము లేకయే కుదిరిన మాట వాస్తవము. ఆమె తండ్రి ఏటికి 500 పౌండ్లు పంపుచుండిన మాటయు వాస్తవమే. మన యాజమాన్యములు ఆ చరిత్రలో జీతము లేని పుటను కంఠస్థము చేసినవి. పౌండ్ల పుటను తిప్పుటకు వాటికి తీరిక చిక్కలేదు.

వేయి అడుగుల లోతున జర్మనీ యున్నది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థయైన టామ్‌కామ్ నర్సులకు జర్మను భాష నేర్పించి అచటికి పంపుచున్నది. మా పొరుగు పాలమూరునకు వలస కొత్త కాదు. ఒకప్పుడు గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతపెట్టి మనుషులను దూరదేశపు ఆనకట్టలకు తోలుకొనిపోయెడివాడు. మేస్త్రీ దుర్మార్గుడే కావచ్చును గాని, అడ్వాన్సు అతడు తెచ్చెడివాడు. ఇప్పుడు అడ్వాన్సును సైతము కూలియే తెచ్చుకొనవలెను, ప్రయాణమునకు ముందు వ్యాకరణమును గూడ చదువవలెను.

ఇట్లు లెక్క ముగించి, బోరును చదువును రెండు నిలువు గడులలో నెదురెదురుగా వ్రాసి, నా ప్రజ్ఞకు నేనే మురియుచుండగా, అంతవరకు గడపకానుకొని నిలిచియుండిన ఆ పిల్ల ముందుకు వచ్చి కాగితమును చేతికి తీసికొనెను. ఇంటరులో బైపీసీ చదివిన పిల్ల. వ్రేలు పెట్టుచు, పెదవులు కదలించుచు, పైనుండి క్రిందికొకసారి, క్రిందినుండి పైకొకసారి చదివెను.

"అంతా మంచిగనే రాసిన్రు సార్. నెలల పదిహేను రోజులు నైట్ డ్యూటీ పడితె దానికేమన్న ఇస్తరా? అది ఏ గడిల రాసిన్రు?"

నేను కలము మూతతీసి కాగితముపై నుంచితిని. రైతు నా వంక చూచుచుండెను. ఎంతసేపటికిని అది కదలకపోవుటచే, మరల మూతపెట్టి, పిల్లనడిగి మంచినీళ్లు త్రాగితిని; బోరునీటి రుచి కొంచెము తగిలెను.