38 సెకన్ల మావయ్య

ఒకసారి టీవీలో కనిపించి, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లోకి రానివాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. మా పిఠాపురంలో ఆ ఉద్యోగం మా మావయ్య చేస్తున్నాడు.

పాదగయ గుడికి వెళ్ళే దారిలో ఆయనకో టిఫిన్ హోటలుంది. ఆరు బల్లలు, ఒక పెనం. గోడమీద ఒకపక్క కుక్కుటేశ్వరస్వామి, ఇంకోపక్క శ్రీపాద శ్రీవల్లభుడు, మధ్యలో మావయ్య. టీవీ తెరని ఫోనుతో ఫొటో తీసి ఫ్రేము కట్టించిన మావయ్య. మీసం కిందనుంచి ఆ రోజు బంగారం ధర పోతూ ఉంటుంది.

ఎవరొచ్చి కూర్చున్నా మంచినీళ్ళకంటే ముందు ఆ కబురు వస్తుంది. దత్త దర్శనానికి మహారాష్ట్ర నుంచో కర్ణాటక నుంచో వచ్చినవాళ్ళు పాపం ఆకలిమీద ఉంటారు. "మేరా హోటల్ టీవీ మే ఆయాజీ! ఆయ్!" అంటాడు. వాళ్ళు భయపడి ఇంకో ఇడ్లీ చెప్తారు.

ఈ రోగం 2024 ఎన్నికల్లో అంటుకుంది. పవన్ కల్యాణ్ మా ఊరి నుంచి నిలబడ్డ వేసవి అది. టీ తాగేవాళ్ళకంటే మైకు పట్టుకున్నవాళ్ళే ఎక్కువగా కనబడేవారు. మావయ్య అడిగిన ప్రతి ఛానెల్‌కీ మాట్లాడాడు. ఒక్కరూ వెయ్యలేదు. ఆ బాధలో ఉండగా, ఊరూరా తిరిగి రుచులు చూపించే ఒక రియాలిటీ షో వాళ్ళు ఫోన్ చేశారు. డబ్బులివ్వరు. మూడు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. ఆయన బొమ్మని విశ్వమంతటా శాశ్వతంగా వాడుకోవచ్చని అందులో ఉందని నేను చదివి చెప్పాను. జాగ్రత్తపడతాడనుకున్నాను. "విశ్వమంతానా!" అని కళ్ళకద్దుకుని సంతకం పెట్టాడు.

"అంతా సహజంగా ఉండాలండీ, రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి" అన్నాడు డైరెక్టరు కుర్రాడు. అని, మొదట మావయ్య బనీను విప్పించి సిల్కు చొక్కా తొడిగించాడు. పెనం మీద నీళ్ళు చల్లి ఊడ్చే చీపురు తీయించేశాడు, చూసేవాళ్ళకి బాగుండదట. రోజూ వచ్చే రిక్షావాళ్ళనీ పూలమ్మేవాళ్ళనీ బయటికి పంపి, మా చుట్టాలని తెచ్చి కూర్చోబెట్టాడు. సౌండు కోసం ఫ్యాన్లు కట్టించాడు. అంతా నిశ్శబ్దం అయ్యాక వీధిలో కోడి కూసింది. "ఎవరిదండీ ఆ కోడి, కాస్త ఆపండి" అన్నాడు.

"ఈ ఊళ్ళో దేవుడే కోడి రూపంలో వెలిశాడండి. ఆయన్నెవరాపుతారండి?" అన్నాడు మావయ్య. ఆ రోజు మొత్తంలో సహజంగా వచ్చిన మాట అదొక్కటే. అప్పటికి కెమెరా ఆన్ చెయ్యలేదు.

పెసరట్టు పిండికి ఇడ్లీ పిండికున్న ఓర్పు లేదు. అది పులవకూడదు. నానిన పెసలు, అల్లం, పచ్చిమిర్చి కలిపి రుబ్బితే వెంటనే పొయ్యాలి. ఆరింటికి రుబ్బిన పిండి మీద పదకొండింటికి లైటు పడింది. ఒక అట్టుకి ఆవిరి కనబడలేదన్నారు. ఒక అట్టుకి మావయ్య నీడ పడిందన్నారు. ఒకటి అద్భుతంగా వస్తే, అప్పుడు మైకు ఊడింది. యాంకరమ్మ ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని "వావ్" అంది. ఏడోసారి అన్న వావ్ ఓకే అయింది.

ప్రసారమైంది 38 సెకన్లు. ఊరి పేరు వెయ్యాల్సిన చోట 'కాకినాడ' అని పడింది. మా అత్తయ్య లెక్కల మనిషి. "40 అట్లు పోశారు. అట్టుకి సెకను కూడా గిట్టలేదు" అంది.

2024 జనవరిలో హైదరాబాదులో కుమారి ఆంటీ భోజనాల బండి కెమెరాలకెక్కితే జనం విరగబడటం, ట్రాఫిక్ ఆగిందని పోలీసులు బండి తీయించటం, ముఖ్యమంత్రి కలగజేసుకుని మళ్ళీ పెట్టించటం మనమంతా చూశాం. అదే తనకీ జరుగుతుందని మావయ్య నమ్మకం. ప్రసారమైన మర్నాడు నడిరోడ్డు మీద నిలబడి ట్రాఫిక్ కోసం ఎదురుచూశాడు. ఒక ఆవొచ్చి అడ్డంగా పడుకుంది.

ఆయన్ని చల్లబరుద్దామని అమెరికా కథ చెప్పాను. అరిజోనాలో ఏమీస్ బేకింగ్ కంపెనీ అని ఒక చిన్న బేకరీ. 2013లో 'కిచెన్ నైట్‌మేర్స్' అనే షోలో గోర్డన్ రామ్సే దాన్ని బాగుచెయ్యటానికి వెళ్ళి, యజమానులతో వేగలేక మధ్యలోనే దణ్ణం పెట్టి వచ్చేశాడు. జనం తిట్టారు, వాళ్ళు ఎదురు తిట్టారు, 2015లో కొట్టు మూసేశారు. మావయ్య అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఎంతసేపు చూపించార్రా?"

"ఎపిసోడంతా వాళ్ళదే మావయ్యా."

"అదృష్టవంతులు" అన్నాడు.

ఇప్పుడు హోటల్లో తినటం అంత తేలిక కాదు. "కళ్ళు మూసుకుని తినండి, అప్పుడు తెలుస్తుంది" అంటాడు. ఉప్మా ఒలికితే "కట్" అంటాడు. అత్తయ్య తిడితే "ఇది ఎడిటింగులో లేపేద్దాం" అంటాడు. 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని బళ్ళ మీద స్టిక్కర్లు వెలిసినప్పుడు ఆయనా ఒకటి కొట్టించాడు: 'టీవీలో వచ్చినాయన తాలూకా'. తెచ్చి నా బండికి అంటించాడు. నేను పీకలేదు. జిగురు గట్టిదని అందరికీ చెప్తుంటాను.

ఒక్క సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు. షూటింగు మర్నాడు, ముందురోజు బయటికి పంపేసిన వాళ్ళందరినీ పిలిచి ఉప్మా పెసరట్టు పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. "నిన్న మిమ్మల్ని లెగమన్నానండి, తప్పయిపోయింది" అన్నాడు. కెమెరా లేదు కాబట్టి ఒక్క టేకులో అయిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ వీడియో నా ఫోనులోనూ ఉంది. ఇరవై మూడో సెకన్లో ఎడంపక్క కనిపించే మోచెయ్యి నాది. పెళ్ళిళ్ళలో నలుగురికి చూపించాను. ఐదో ఆయన అడక్కుండానే చూపించాను.

మొన్న పొద్దున వెళ్ళాను. రద్దీ లేదు. మావయ్య పిండి గుండ్రంగా తిప్పి, అల్లం, జీలకర్ర చల్లి, అట్టు లేపబోతూ ఒక్క క్షణం ఆగి గుమ్మం కేసి చూశాడు. ఆ రోజు కెమెరా పెట్టిన చోటు అది. అక్కడ నేనున్నాను. అడ్డం లెగమని ఆయన అనలేదు. నేనే పక్కకి జరిగి, క్రాపు సర్దుకున్నాను.